పేజీ తిప్పేవాడు

మావారు పుస్తకం చదివే పద్ధతి చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కళ్ళజోడు తుడుచుకుంటారు. కుర్చీ నీడలోకి జరుపుకుంటారు. నన్ను టీ అడుగుతారు. అప్పుడు పుస్తకం తెరుస్తారు. నాలుగు వాక్యాలు చదివారో లేదో జేబులో ఫోన్ టింగుమంటుంది. ఖమ్మం యార్డులో ఆ పూట మిర్చికి జెండా పాట ఎంత పలికిందో ఎవరో గ్రూపులో పెట్టి ఉంటారు. మార్కెట్లో ఆ రోజుకు అదే పెద్ద ధర. మిర్చి వేసిన మనిషి అది చూడకుండా ఎట్లా ఉంటాడు? చూస్తారు. దాని కింద తామర పురుగు మందు వీడియో. దాని కింద కొబ్బరికాయ పట్టుకుని బోరు పాయింట్ చెప్పేవాడు. దాని కింద ఏ దేశంలోనో ఏనుగు స్నానం. ఈలోపు టీ చల్లారుతుంది, పుస్తకం ఒళ్ళో బోర్లా పడి నిద్రపోతుంది.

"బాగుంది లతా పుస్తకం" అంటారు లేస్తూ.

వేరే పుస్తకమైతే నేను పట్టించుకునేదాన్ని కాదు. ఆయన చదివితే ఎంత, చదవకపోతే ఎంత. కానీ అది కోటేష్ అన్న రాసిన పుస్తకం.

కోటేష్ అన్న మావారికి చిన్ననాటి స్నేహితుడు. మా ఊరు దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న తండా వాళ్ళది. అప్పట్లో వాళ్ళమ్మ ద్వాలి మా ఇంటికి మిరప పనికి వచ్చేది. ఇద్దరూ ఒక బడిలో, ఒక బెంచీ మీద చదువుకున్నారు. ఇప్పుడాయన ఇల్లందులో టీచరు. ఆదివారం వస్తే బండేసుకుని మా ఇంటికి రావాల్సిందే, ఇద్దరూ వాకిట్లో కూర్చుని లేనిపోని సంగతులు మాట్లాడుకోవాల్సిందే. ఏళ్ళ తరబడి ఏదో రాసుకుంటున్నాడని తెలుసు. ఏమిటని అడిగితే "కానీయ్ చెల్లె, అయినంక చూపిస్త" అనేవాడు.

మొన్న మిరప కోతలు మొదలైన రోజుల్లో అదంతా కంప్యూటర్లో కొట్టించి, స్పైరల్ బైండింగ్ వేయించి తెచ్చి మావారి చేతిలో పెట్టాడు.

"నవల రాసిన మురళీ. నువ్వు చదివినంకనే అచ్చుకిస్త."

"నేను చదివేదేందిరా, నువ్వు రాస్తే బాగనే ఉంటది."

"బాగుందా లేదా అని కాదు అడిగేది. మొత్తం చదువు. నేనేం అడుగుతున్ననో అందులనే ఉంది."

ఆ మాట అని టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. ఆ నిమిషం నుంచి నాకు లోపల పురుగు తొలవడం మొదలైంది. పుస్తకంలో ఏం అడిగాడు? ఎదురుగా కూర్చుని అడగలేనిది ఏముంటుంది వాళ్ళిద్దరి మధ్య?

మావారికి మాత్రం ఏ పురుగూ తొలవలేదు. పదకొండో పేజీలో పెట్టిన బస్సు టికెట్టు పదకొండులోనే ఉంది. కొన్నాళ్ళకు కోటేష్ అన్న నుంచి "చదివినవా?" అని మెసేజ్ వచ్చింది. ఈయన బొటనవేలు బొమ్మ పెట్టి, "సూపర్ రా. కళ్ళు మూసుకొని అచ్చుకిచ్చెయ్" అని కొట్టారు. నా ఎదురుగానే కొట్టారు. అటు నుంచి "సరే" అని ఒక్క మాట వచ్చింది. అంతే. ఆ ఆదివారం కోటేష్ అన్న రాలేదు. ఆ తర్వాతి ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

"పరీక్షల టైం. టీచర్లకు తీరికుండదు" అన్నారు మావారు, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

సూపర్ అన్నందుకు ఎవరైనా అలుగుతారా? అలిగాడంటే లోపల ఏదో ఉంది. ఆయన చదవకపోతే పీడాపోయె, నేనే చదువుదామని కూర్చున్నాను. ఏం చెప్పమంటారు, మొగుడికి తగ్గ పెళ్ళాన్ని. రెండు పేజీలు చదివేసరికి మధిరలో మా పిన్ని కూతురి పసుపు ఫంక్షన్ ఫోటోలు వచ్చాయి. పది మంది చుట్టాలు, పది రకాల చీరలు. అవి చూసి, వాటికి పూలూ దండాలూ పెట్టి, పుస్తకం వైపు తిరిగేసరికి కుక్కర్ మూడో కూత వేసింది. మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఇంతలో మబ్బు పట్టింది.

మిర్చి రైతు ఇంట్లో కల్లంలో కాయలుండగా మబ్బు పడితే అన్నం కూడా ఎవరూ అడగరు. ఎర్రటి కాయ ఒక్కసారి తడిసిందంటే తెల్లబడి తాలైపోతుంది, తాలు ధర ఎవరికి చెప్పుకున్నా సిగ్గే. సాయంత్రంలోగా కాయ మొత్తం ఏరి బస్తాలకెత్తాలి. పొద్దున్నే నాగక్క తన ముఠాతో దిగింది. నాగక్క కోటేష్ అన్న తండా మనిషే. ఏరే ఆడవాళ్ళందరికీ ఆమే పెద్ద.

నాగక్క కల్లంలో ఒక చట్టం ఉంది. ఏరుడు మొదలయ్యే ముందు అందరి ఫోన్లూ సద్ది సంచిలో పడాలి, సంచి వేపకొమ్మకెక్కాలి. నిరుడు మోతీ అనే పిల్ల ఏరుతూ ఏరుతూ ఫోన్ ఎత్తింది. చెంప మండింది, అది ఆమె ఖర్మ. సాయంత్రం అదే ఫోన్ తన చంటివాడి చేతికిచ్చింది, వాడు నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఏడుపు రెండు ఊళ్ళకు వినపడింది. అప్పటి నుంచి ఈ చట్టం. ఆసామికైనా మినహాయింపు లేదు, కాకపోతే ఆసామి ఎప్పుడూ కాయ ముట్టడు కాబట్టి ఆ అవసరం రాలేదు.

ఆ రోజు వచ్చింది.

"ఇద్దరు రాలే. చేతులు చాలయి" అంది నాగక్క మావారి వైపు చూస్తూ. "నువ్వు గూడ కూసో మురళన్నా. మొగులు చూసినవా ఎట్లున్నదో."

మావారు నా వైపు చూశారు. నేను నా అరచెయ్యి చూపించాను. ముందురోజు గారెలు వేస్తుంటే నూనె చిట్లి బొబ్బలు లేచాయి. వాటి మీద మిరప ఘాటు తగిలితే ఇంకేమైనా ఉందా? చివరికి ఆయనే లుంగీ ఎగగట్టి కూర్చున్నారు. నాగక్క సంచి చాచింది. ఫోన్ అందులో వేసేటప్పుడు ఆయన ముఖం చూడాలి, పిల్లను అత్తారింటికి పంపుతున్నట్టు ఉంది.

మా అత్తమ్మ రాఘవమ్మ కూడా పక్కనే పీట మీద కూర్చుని ఏరుతోంది. ఎనభై దగ్గర పడుతున్నా ఆమె వేళ్ళకు అలుపు లేదు.

"పాట లేకుంటె చేతులు సాగుతలేవు" అంది నాగక్క. "లతమ్మా, ఖాళీగ నిలబడ్డవు. ఏదన్న కత చెప్పరాదూ."

నాకు కథలు రావు. కానీ చేతులు శుభ్రంగా ఉన్నది నా ఒక్కదానికే. ఇంట్లోకి పోయి కోటేష్ అన్న పుస్తకం తెచ్చాను.

మావారు చూసి గతుక్కుమన్నారు. "అదెందుకిప్పుడు? వేరేది ఏదన్న చదువు."

"వేరేది లేదు" అన్నాను. "సూపర్ పుస్తకం కదా, నలుగురూ విననివ్వండి."

మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. తండా, అడవి అంచున మేకలు, వాటిల్లో తప్పిపోయిన ఒకటి, ఇప్పపువ్వు ఏరుకునే పొద్దులు. నాగక్క "అవ్, గట్లనే ఉండె" అంటూ మధ్యలో సాక్ష్యం చెబుతోంది. ద్వాలి పేరు రాగానే ఆడవాళ్ళంతా నిట్టూర్చారు. ఆమె పోయి చాలా ఏళ్ళయింది. వేపకొమ్మ మీద సంచిలో ఫోన్ మోగింది. మావారి మెడ అటు తిరిగింది. లేవబోయి, ఎర్రటి చేతులు చూసుకుని, మళ్ళీ కాయల్లోకి వంగారు. మళ్ళీ మోగింది. మళ్ళీ మెడ తిరిగింది. మూడోసారి మోగినప్పుడు నేను చదవడం ఆపి చూశాను.

"ఆపినవేంది? మేక దొరికిందా లేదా?" అన్నారు.

ఫోన్ మోగుతూనే ఉంది. ఆయనకు వినపడలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ దృశ్యం నేనెప్పుడూ చూడలేదు. నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది.

అట్లా చదువుతూ చదువుతూ ఇద్దరు పిల్లల దగ్గరికి వచ్చాం.

'నా చేతులకు ఎప్పుడూ కారం ఉండేది. మా అమ్మతో పాటు నేనూ కాయలు ఏరేవాణ్ణి. మురళి చేతులకు కారం ఉండేది కాదు, వాడు ఆసామి కొడుకు. బడి నుంచి తెచ్చుకున్న పుస్తకం ఇద్దరి మధ్యా పెట్టుకునేవాళ్ళం. పేజీ తిప్పడం వాడి పని. నేను తొందరగా చదివేసి, తిప్పు అన్నట్టు గడ్డం ఎగరేసేవాణ్ణి. వాడికి పెదాలు కదపకుండా చదవడం రాదు, పైకే చదివేవాడు. "ఆగరా, నాదింక కాలే" అనేవాడు. వాడి పేజీ అయ్యేలోగా నేను ఒక తట్ట కాయలు ఏరేవాణ్ణి.'

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. మావారి చెవులు కాయల రంగుకు తిరిగాయి. కానీ ఆయనా నవ్వుతున్నారు. "అది నిజమే" అన్నారు. "వాడు మస్తు జల్దీ చదివేటోడు."

ఇద్దరూ చదువుతున్న ఆ పుస్తకం గోదావరి వరదలో కొట్టుకుపోయిన ఒక పడవవాడి కథ అట. పడవ సుడిగుండంలో చిక్కిన చోట మురళి లేచి వెళ్ళిపోయాడు. పక్కింట్లోకి కొత్తగా టీవీ వచ్చింది. ఇప్పుడే వస్తానని పోయినవాడు మళ్ళీ రాలేదు.

"అప్పటి నుంచే ఉందన్నమాట ఈ రోగం" అన్నాను. ఎవరూ నవ్వలేదు, కథ ముందుకు పోవాలి వాళ్ళకు.

'నేనిప్పుడు గడ్డం ఎవరికి ఎగరేయాలి? పడవ మునుగుతుందో తేలుతుందో తెలియాలి. ఆగలేకపోయాను. వేలు తడి చేసుకుని పేజీ తిప్పాను. నాలుక భగ్గుమంది. అయినా ఆగలేదు, ఇంకో పేజీ తిప్పాను. కళ్ళల్లో నీళ్ళొస్తే అదే చేత్తో తుడుచుకున్నాను.'

"అయ్యో కొడుకా" అంది నాగక్క.

చదివేవాళ్ళకు ఒక తిప్పలుంది. నోటికంటే కళ్ళు ముందు పరుగెత్తుతాయి. నా కళ్ళు కింది వాక్యాల్లోకి వెళ్ళాయి, అక్కడ మా అత్తమ్మ ఉంది. చదవడం ఆపాను. పేజీ దాటేద్దామా అనుకున్నాను. ఎదురుగా ఆమె కూర్చుని ఉంది. ఇంత మంది కూలీల ముందు ఎట్లా చదవను?

"చదువు" అంది అత్తమ్మ, కాయల్లోంచి తల ఎత్తకుండా. "నాకెరికే ఏమొస్తదో. చదువు."

చదివాను.

'నా కేకలు విని మురళి వాళ్ళమ్మ ఉరికొచ్చింది. రెక్క పట్టుకుని నన్ను వంటింట్లోకి తీసుకుపోయింది. మా తండా వాళ్ళెవరూ ఆ గడప దాటి ఎరగరు. ఒళ్ళో తల పెట్టుకుని చల్లటి పాలు కళ్ళల్లో పోసింది. మంట తగ్గేదాకా పోస్తూనే ఉంది. మర్నాడు పుస్తకం ఏదమ్మా అని అడిగితే, పొయ్యిలో పెట్టిన అంది. ఇంకో మాట చెప్పలేదు.

'ఒరే మురళీ, ఇక్కడి నుంచి కథ కాదు, నిన్నే అడుగుతున్నాను. పాలు ఒక్కటే రాస్తే పొయ్యిని దాచినట్టు. పొయ్యి ఒక్కటే రాస్తే పాలను దాచినట్టు. రెండూ రాస్తే అమ్మ మనసు కష్టపడుతుందేమో. ఆ తల్లి పాలు పోయకపోతే ఈ కళ్ళు ఇన్ని పుస్తకాలు చదివేవో లేదో. ఆమెనడిగి చెప్పు. వద్దంటే ఈ పేజీలు తీసేస్తాను.'

'కళ్ళు మూసుకొని అచ్చుకిచ్చెయ్' అని ఈ ప్రశ్నకే మావారు జవాబు కొట్టింది. అది నాకు గుర్తొచ్చింది. ఆయనకూ గుర్తొచ్చినట్టుంది, చేతులు కాయల మీద అట్లాగే ఉండిపోయాయి.

అత్తమ్మే మాట్లాడింది.

"పాలు పోసింది నేనే. పుస్తకం పొయ్యిల పెట్టింది గూడ నేనే. తండా పిలగాన్ని వంటింట్లకు తెచ్చినవని మీ నాన్న నా మీదికి లేచిండు మురళీ. ఆయన్ని ఒక్క మాట అనలేకపోయిన. ఆ కోపం తీసుకపోయి పుస్తకం మీద చూపిచ్చిన. కోటేషు తిప్పిన పేజీలకు కారమే కద, అంటుకోంగనే ఇల్లంత ఘాటు. అందరికంటె ఎక్కువ దగ్గింది మీ నాన్ననే."

మా మామగారు పిచ్చయ్య గారిని నేను ఫోటోలోనే ఎక్కువ చూశాను. ఆయన దగ్గు తలుచుకుని నాగక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అత్తమ్మ నవ్వలేదు.

"కాలుతుంటె సమజైంది నాకు. వీడు పైకి చదువుతుంటె రోజూ తలుపు చాటున నిలబడి నేను గూడ వినేదాన్ని. నాకు చదువు రాకపాయె. ఆ పడవోడు ఏమైండో నాకు గూడ తెల్వకుండ చేసుకున్న."

మావారు దిగ్గున లేచారు. సంచి దగ్గరికి పోయి, చేతులు చూసుకుని, నిస్సహాయంగా నిలబడ్డారు. "లతా, వానికి ఫోన్ కలుపు." కళ్ళల్లో నీళ్ళు. మిరప ఘాటేమో అనుకునేరు. ఘాటుకైతే ముందు ముక్కు కారుతుంది, ఇన్నేళ్ళ కాపురంలో ఆ తేడా నాకు తెలుసు. ఆయన ఏడుస్తున్నారు.

ఆయన ఫోన్ నుంచి చేస్తే ఎత్తడని నా ఫోన్ నుంచి కలిపి, స్పీకర్ పెట్టి, ఆయన ముందు పట్టుకున్నాను.

"చెప్పు చెల్లె."

"నేను రా. నీ పుస్తకం…"

"సూపర్ అంటివి కద. విన్న."

"నేను చదవలే కోటేషూ. అబద్ధం చెప్పిన. ఇప్పుడు లత చదువుతుంటె విన్న. పొయ్యి కాడి దాకా అయింది. అమ్మ గూడ ఈడనే ఉన్నది."



"ఆ పేజీలు తీసేసిన" అన్నాడు కోటేష్ అన్న. "నీ బొటనవేలు చూసినప్పుడే తెలిసింది చదవలేదని. నువ్వే చదవనిది ఊరికెందుకనుకున్న. రేపు అచ్చుకు పోతున్నది."

అత్తమ్మ పీట మీంచే కేకేసింది. "కోటేషూ! తీసేయకు బిడ్డా. పాలు రాయి, పొయ్యి రాయి. మీ పిచ్చయ్య పెదనాన్న దగ్గింది గూడ రాయి. నేను బతికుండంగనే రాయి, ఎవరన్న అడిగితె అవ్ అని నేనే చెప్త."

అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. ఇల్లందులో మిరపకాయలు లేవు.

"అది సరే" అంది అత్తమ్మ, అసలు సంగతి ఇప్పుడే గుర్తొచ్చినట్టు. "ఇంతకు ఆ పడవోడు ఒడ్డుకు చేరిండా?"

"నాకూ తెల్వదమ్మా. ఆ పుస్తకం మళ్ళ ఏడ దొరకలే. కొన్నాళ్ళు చేరిండనుకున్న, కొన్నాళ్ళు మునిగిండనుకున్న. ఏం జరిగి ఉంటదో నేనే రాసుకుందామని కూసున్న. అట్లనే రాసుడు మొదలైంది నాకు. నా నవల ఆఖర్ల ఉన్నడు వాడు."

"అట్లయితె చేరిండా లేదా?"

"వస్తున్నమ్మా" అన్నాడు కోటేష్ అన్న. ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత కల్లంలో చేతులు ఎట్లా సాగాయో చెప్పలేను. మబ్బు అటు గుట్టల మీదికి జరిగింది. పొద్దు వాలకముందే ఆఖరి బస్తా మూతి కుట్టారు. నాగక్క సంచి దింపి ఎవరి ఫోన్లు వాళ్ళకు ఇవ్వబోయింది. ఒక్కరూ తీసుకోలేదు, ఆఖరు విని పోతామని కూర్చున్నారు. సంచి మళ్ళీ కొమ్మకెక్కింది.

కోటేష్ అన్న బండి దిగేసరికి మావారు సబ్బుతో, మజ్జిగతో, కొబ్బరినూనెతో చేతులు కడుక్కుని కూర్చున్నారు. కడిగితే పోయే కారం కాదు అది, రెండ్రోజులుంటుంది. మగవాళ్ళు అట్లాంటప్పుడు భుజం మీద ఒకటి చరుచుకుంటారు. మావారు చరచబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నువ్వు రాసింది నువ్వే చదువు" అంది నాగక్క.

"నేను కాదు. వాడు చదవాలె" అన్నాడు కోటేష్ అన్న.

మావారు చేతులు చూపించారు. కోటేష్ అన్న నా దగ్గర పుస్తకం తీసుకుని, పక్కన బస్తా మీద కూర్చుని, ఆఖరి అధ్యాయం తెరిచి ఇద్దరి మధ్యా పట్టుకున్నాడు. మావారు చదవడం మొదలుపెట్టారు. ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ, పెదాలు కదుపుతూ, పుస్తకంలో రాసినట్టే ఎడ్లబండి నడక. గోదావరి, వరద, సుడి, పడవ.

"చేరిండా?" అంది అత్తమ్మ.

"ఉండమ్మా, చదవనియ్యి."

రాసినవాడికి కంఠతా వచ్చు కదా, ఎప్పుడో కింది దాకా చదివేసినట్టున్నాడు. పేజీ అంచు పట్టుకుని ఎత్తబోయాడు.

"ఆగరా" అన్నారు మావారు. "నాదింక కాలే."

కోటేష్ అన్న ఆగాడు.